కలకత్తా చీనా టిఫిను: మంచి డిమ్ సమ్ ఎక్కడ అని అడిగేవాళ్ళకు



ఈ నెల కట్టబొమ్మన గురించో, మదురై నాయకుల గురించో రాస్తానని మీరు అనుకొని ఉంటారు. ఈసారి తిండి గురించి రాస్తున్నాను. అదీ మన తిండి కాదు, చీనావాళ్ళ తిండి. మన సంఘం ఇళ్ళలో ఉద్యోగం మీద కలకత్తా పోయే పిల్లలు ఎక్కువైనారు. "అక్కడ మంచి డిమ్ సమ్ ఎక్కడ దొరుకుతుంది మామా, మీరు రైల్వే పాసు మీద నాలుగైదు సార్లు పోయి వచ్చినారు కదా" అని అడిగేవాళ్ళూ ఎక్కువైనారు. పది హోటళ్ళ పేర్లు రాసి పంపితే వాళ్ళ పని అయిపోతుంది. కానీ ఆ పేర్ల వెనక రెండు వందల యేండ్లు దాటిన కథ ఒకటి ఉంది. ఊరు విడిచి వచ్చి ఇంకో ఊళ్ళో వేరు పట్టిన జనం కథ అది. మనకు కొత్త కథ కాదు. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

ముందు ఆ మాట గురించి. డిమ్ సమ్ అనేది చీనాలో తెన్నాటి కాంటన్ భాష మాట. కాంటన్ అంటే ఇప్పటి గ్వాంగ్‌జౌ నగరం. మాటను విడదీసి చెప్తే 'గుండెను తాకేది' అని అర్థం. వాడుకలో చిరుతిండి అని అనుకోవచ్చు. విశేషం ఏమంటే, అక్కడివాళ్ళు "డిమ్ సమ్ తినడానికి పోదాం" అని ఎక్కువగా అనరు. "యమ్ చా" అంటారు, అంటే "టీ తాగుదాం రా" అని. మనం "కాఫీకి పోదాం రా" అని పిలిచి రెండు ఇడ్లీ, ఒక వడ తిని రావడం లేదా? అట్లాంటిదే. "ఒక కప్పు, రెండు ముక్కలు" అని వాళ్ళలో ఒక పలుకుబడి ఉంది. ఒక కప్పు టీ, దానితో రెండు తినుబండారాలు. అంతే లెక్క.

కాంటన్‌లో ఈ అలవాటు ఎందుకు పెరిగింది? అది రేవు పట్టణం. 1757 నుంచి 1842 దాకా ఐరోపా వర్తకులు చీనాతో వ్యాపారం చేయాలంటే ఆ ఒక్క రేవులోనే చేయాలి. ఓడలు, మూటలు, కూలీలు, గుమాస్తాలు, దళారులు. ఇంతమంది ఉన్న చోట తెల్లవారుజామున వేడిగా ఏదో ఒకటి అమ్మేవాడు ఉండి తీరుతాడు. 19వ శతాబ్దంలో అక్కడ కూలివాళ్ళ టీ అంగళ్ళకు 'రెండు లీల అంగడి' అనే పేరు ఉండేది. లీ అంటే అక్కడి చిల్లర లెక్క. రెండు లీలు ఇస్తే టీ, కూర్చోడానికి ఒక బల్ల. తరువాత డబ్బున్నవాళ్ళకు మేడల మీద పెద్ద టీ ఇళ్ళు వచ్చినాయి. వర్తకులు అక్కడే బేరాలు మాట్లాడుకొనేవాళ్ళు, పెళ్ళి సంబంధాలూ అక్కడే మాట్లాడుకొనేవాళ్ళు.

1842లో హాంకాంగ్ బ్రిటిషువాళ్ళ చేతికి పోయింది. కాంటన్ జనం అక్కడికి పోయినారు, టీ ఇళ్ళూ వాళ్ళ వెంట పోయినాయి. 1949 తరువాత గ్వాంగ్‌జౌ వంటవాళ్ళు ఇంకా ఎక్కువగా హాంకాంగ్ చేరినారు. అక్కడ 1933లో పెట్టిన లుక్ యు టీ హౌసు ఇప్పటికీ పేరున్న చోటు. ఎనిమిదో శతాబ్దంలో టీ గురించి గ్రంథం రాసిన లు యు అనే పండితుడి పేరు దానికి పెట్టుకున్నారు. ఇంకో పక్క 2009లో మోంగ్ కోక్ పేటలో టిమ్ హో వాన్ అని చిన్న కొట్టు తెరిచినారు. పెద్ద నక్షత్రాల హోటల్లో పని చేసిన వంటవాడు అక్కడి పని వదిలి పెట్టిన కొట్టు అది. ఏడాది తిరగకుండానే మిషలిన్ వాళ్ళ నక్షత్రం దానికి వచ్చింది. సామాన్యుడి ధరకు దొరికే తిండికి ఆ నక్షత్రం రావడం పెద్ద వార్త అయింది.

డిమ్ సమ్‌లో వందల రకాలు ఉన్నా, అసలు వంటవాణ్ణి పట్టి ఇచ్చేవి నాలుగు అంటారు. రొయ్యను పలచని పిండి పొరలో చుట్టే హార్ గావ్. పైన నోరు తెరిచి ఉండే శియూ మై. తియ్యని పంది మాంసం నింపి ఆవిరి మీద ఉబ్బించే చార్ శియూ బావ్. గుడ్డు తీపి పోసి కాల్చే చిన్న టార్ట్. వీటిలో హార్ గావ్ చాలా కష్టం. గోధుమ గంజిపొడి వేడి నీళ్ళలో కలిపి పొర చేస్తారు. ఉడికిన తరువాత లోపలి రొయ్య గులాబీ రంగు బయటికి కనబడాలి. పొర మీద కనీసం ఏడు మడతలు ఉండాలి, పది దాటితే మంచి చేయి. పుల్లలతో ఎత్తితే చినగకూడదు, పళ్ళకు అంటుకోకూడదు.

మన వాళ్ళకు వెంటనే అర్థమయ్యేది చోంగ్ ఫన్. బియ్యం పిండి జారుగా కలిపి, గుడ్డ పరిచిన తట్ట మీద పలచగా పోసి, ఆవిరి పట్టి, చాపలాగా చుట్టి ఇస్తారు. మా అవ్వ ఇడ్లీ తట్టు మీద తడిగుడ్డ పరిచి పిండి పోసేది. ఇప్పటికీ తమిళనాట మంచి ఇడ్లీ కొట్లలో గుడ్డ మీదనే పోస్తారు. ఎవరి నుంచి ఎవరు నేర్చుకున్నారు అనే తగవు వద్దు. బియ్యం పండే దేశంలో, కట్టెలు పొదుపుగా వాడుకొనే ఇంట్లో, ఆవిరి వంట తనంతట తానే పుడుతుంది.

ఇప్పుడు కలకత్తాకు వస్తాం. చీనావాళ్ళు కలకత్తాకు ఎందుకు వచ్చినారు? ఓడ దారి ఉంది కాబట్టి. కంపెనీవాళ్ళు బీహారులో పండించిన నల్లమందును కలకత్తాలో వేలం వేసేవాళ్ళు. వేలంలో కొన్న వర్తకులు దాన్ని కాంటన్ వైపు ఓడల్లో పంపేవాళ్ళు. కాంటన్ నుంచి టీ, పట్టు, పింగాణీ వచ్చేవి. లోకం తాగిన టీ వెనక ఈ నల్లమందు డబ్బు ఉంది. ఓడలు తిరిగే దారిలో మనుషులు కూడా తిరుగుతారు కదా.

మొదటగా పేరు తెలిసినవాడు తోంగ్ అచూ. వారెన్ హేస్టింగ్స్ కాలంలో, 1770ల చివర్లో, హుగ్లీ నది పక్కన బజ్‌బజ్ దగ్గర నేల తీసుకొని చెరకు తోట, చక్కెర మిల్లు పెట్టినాడు. ఆయన పేరు మీదనే ఆ ఊరు అచీపూర్ అయింది. చీనావాళ్ళ కొత్త సంవత్సరానికి కలకత్తా చీనా కుటుంబాలు ఈనాటికీ అచీపూర్ పోయి ఆయన సమాధి దగ్గర దండం పెట్టుకొని వస్తాయి. చక్కెరకు బంగాళీలో 'చినీ' అనే పేరు ఆయన వల్లనే వచ్చిందని కొందరు చెప్తారు. ఆ మాట అంతకంటే చాలా పాతది. అయినా చీనా పేరుతోనే ఆ మాట పుట్టింది అనేది నిజం. మదురై, తిరునెల్వేలి పక్కన మనవాళ్ళ ఇళ్ళలో 'సీని' అంటాం కదా, అదే మాట.

తరువాత వచ్చినవాళ్ళు పనిని బట్టి విడిపోయినారు. కాంటన్‌వాళ్ళు వడ్రంగులు, ఓడరేవులో మంచి గిరాకీ. హక్కావాళ్ళు తోలు పని, బెంటింక్ వీధిలో చెప్పుల అంగళ్ళు. హూబే నుంచి వచ్చినవాళ్ళు పళ్ళ వైద్యులు. మద్రాసులో పాత మనుషులకు చీనా పళ్ళ డాక్టరు కొట్లు గుర్తుండే ఉంటాయి, వాళ్ళది ఈ హూబే మూలమే.

వాళ్ళు మొదట గుంపుగా ఉన్న పేట తిరెట్టా బజార్. వెనిస్ వైపు నుంచి వచ్చి కంపెనీ దగ్గర కలకత్తా వీధుల, కట్టడాల పని చూసిన ఎడ్వర్డ్ తిరెట్టా అనే ఇటలీ మనిషి పేరు అది. ఆ పేటలో నేను చూసిన వాటిలో నా మనసుకు పట్టింది సంఘాల కట్టడాలు. ఒక్కో జిల్లా వాళ్ళు ఒక్కో సంఘం పెట్టుకున్నారు. సీ ఇప్ అంటే నాలుగు జిల్లాల వాళ్ళు. నామ్ సూన్ అంటే నామ్‌హోయ్, సూన్‌తక్ అనే రెండు ఊళ్ళ వాళ్ళు. తుంగ్ ఆన్ ఇంకొకటి. కలకత్తాలో వీటిని 'చర్చి' అంటారు, లోపల ఉండేది మాత్రం కువాన్ యిన్ అమ్మవారో, కువాన్ తీ దేవుడో. గుడి ఒక పక్క, మాజాంగ్ బల్లలు ఇంకో పక్క. ఊరి నుంచి కొత్తగా దిగినవాడికి పడక, పని, చావుకు పాడె, పాతిపెట్టడానికి నేల, అన్నీ సంఘమే చూసింది. తుంగ్ ఆన్ కట్టడం కింద అంతస్తులో 1920లలో నాన్‌కింగ్ అనే హోటలు నడిచింది, పెద్ద పెద్ద మనుషులు అక్కడ తినడానికి వచ్చేవాళ్ళు.

మన పెద్దలు సంఘం పెట్టింది ఎందుకు? పెళ్ళి మంటపం, పిల్లలకు హాస్టలు, చావుకు సాయం. ఆ కట్టడాల ముందు నిలబడితే ఇది మన సంఘం గురించే అని అనిపిస్తుంది.

ఆ పేటలోనే పొద్దార్ కోర్ట్ కట్టడం దగ్గర, లాల్‌బజార్ పోలీసు ఆఫీసుకు దగ్గరలో, తెల్లవారుజామున చీనా టిఫిను పెడతారు. ఆరు లోపల పోవాలి. ఎనిమిది, ఎనిమిదిన్నరకు అంతా సర్దేస్తారు. ఆదివారం ఎక్కువ. అల్యూమినియం గిన్నెల్లో ఆవిరి, బావ్, శియూ మై, చేప ఉండల పులుసు, ఆకులో చుట్టిన బంక బియ్యం ముద్ద, రొయ్యల అప్పడం, సాసేజ్. ఇంటి ఆడవాళ్ళు రాత్రే పిండి కలిపి, నాలుగు గంటలకు లేచి చేసి తెచ్చేవి ఇవి. చాలా వాటిలో పంది మాంసం ఉంటుంది, మన శాకాహార కుటుంబాలు అడిగి తినాలి. నువ్వులద్దిన తీపి ఉండలు దొరికితే వాటికి ఏ బాధా లేదు.

కానీ పాతవాళ్ళు చెప్పే తిరెట్టాలో ఇప్పుడు మిగిలింది కొంచెమే. ఎందుకో చెప్పాలి, చెప్పకపోతే ఈ కథ అబద్ధం అవుతుంది.

1962 అక్టోబరులో చీనాతో యుద్ధం వచ్చింది. ఒక నెలలో ముగిసింది. ఆ నెలలో మొదలైన కష్టం ఇక్కడి చీనావాళ్ళకు యేండ్ల తరబడి సాగింది. సుమారు 3000 మందిని, ముసలివాళ్ళతో, పసిపిల్లలతో సహా, పట్టుకొని రాజస్థాన్‌లో దేవళీ అనే చోట శిబిరంలో పెట్టినారు. ఎక్కువ మంది అస్సాం, డార్జిలింగ్ వైపు వాళ్ళు. ఇక్కడే పుట్టినవాళ్ళు, ఇక్కడి ఆడవాళ్ళను పెళ్ళి చేసుకున్నవాళ్ళు. వాళ్ళను అస్సాం నుంచి రైల్లో తెచ్చినారు, వారం రోజుల ప్రయాణం. చివరివాళ్ళు బయటికి వచ్చింది 1967లో. తిరిగి పోయేసరికి చాలామందికి ఇల్లు లేదు, అంగడి లేదు, వేలంలో పోయినాయి. అస్సామీ రచయిత్రి రీతా చౌధురి 2010లో 'మాకామ్' నవల ఈ విషయం మీదనే రాసినారు. నేను ముప్పై యేండ్లకు పైగా రైల్వే గుమాస్తాను. ఆ రైలు దాటిన ప్రతి స్టేషనులోనూ నాలాంటి గుమాస్తా ఒకడు వేళ రాసుకొని, పుస్తకం మూసి ఉంటాడు. ఆ ఆలోచన నన్ను వదలదు.

కలకత్తాలో ఉన్నవాళ్ళకు శిబిరం తప్పినా పోలీసు స్టేషనుకు పోయి సంతకం పెట్టడం, ఊరు దాటితే అనుమతి అడగడం తప్పలేదు. పిల్లలకు భవిష్యత్తు లేదని తల్లిదండ్రులు అనుకున్నారు. ఒక్కొక్క కుటుంబం కెనడా పోయింది. టొరంటోలో ఇప్పుడు 'హక్కా హోటల్' అని బోర్డు ఉంటే లోపల దొరికేది మన దేశపు చీనా వంట, పచ్చిమిరపకాయ, అల్లం వెల్లుల్లితో. వేసేవాళ్ళు కలకత్తా పిల్లలు. ఒకప్పుడు ఇరవై వేలు అని చెప్పే జనం ఇప్పుడు రెండు మూడు వేలు అంటారు. 1969లో మొదలైన చీనా భాష పత్రిక సియోంగ్ పౌ, దేశంలో మిగిలిన ఒకే ఒక్క చీనా పత్రిక, 2020లో దాని సంపాదకుడు పోవడంతో ఆగిపోయింది. పత్రిక ఆగడానికి కారణం కరోనా ఒకటే కాదు. చదవగలిగిన ఇళ్ళు అప్పటికే వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని అయినాయి.

ఇంకో పేట టాంగ్రా. అది హక్కావాళ్ళ తోలు శుద్ధి కార్ఖానాల చోటు. కాలుష్యం మీద 1996లో సుప్రీం కోర్టు తీర్పుతో తోలు కార్ఖానాలు బంతలాకు పోవలసి వచ్చింది. కార్ఖానా మూసినవాళ్ళలో కొందరు ఆ షెడ్లలోనే హోటళ్ళు పెట్టినారు. రుచి కూడా బయటి జనానికి తగినట్టు మారింది. మన ఊళ్ళో పెళ్ళిళ్ళలో కూడా వడ్డించే మంచూరియా ఉంది కదా, దాన్ని 1975లో బొంబాయిలో కలకత్తా పుట్టుక అయిన నెల్సన్ వాంగ్ మొదట చేసినాడని అందరూ చెప్పే మాట. చీనాలో ఆ వంట లేదు. అది తప్పు వంట అని నేను అనను. వచ్చినవాడు ఉన్న ఊరి నాలుకకు తగినట్టు చేసి బతికినాడు. మన సాంబారు, మన పులిహోర తమిళనాట ఎంత మారినాయో మనకు తెలుసు.

సరే, పిల్లలు అడిగినదానికి జవాబు చెప్తాను. ఏ పెద్ద నగరమైనా, హాంకాంగ్ అయినా, కలకత్తా అయినా, ఇదే లెక్క.

మొదటిది వేళ. డిమ్ సమ్ పొద్దుటి తిండి, ఎక్కువంటే మధ్యాహ్నం దాకా. రాత్రి తొమ్మిది గంటలకు యాభై రకాలు ఉన్నాయంటే చాలా మటుకు ఫ్రీజర్ నుంచి వచ్చినవే.

రెండోది పక్క బల్ల. ఆ జనం ముసలివాళ్ళు, పిల్లలు కుటుంబంతో కూర్చొని ఉన్నారా చూడండి. తనవాళ్ళకు వండేవాడు మోసం చేయలేడు, పక్కింటి అవ్వ తిడుతుంది.

మూడోది పొర. శియూ మై, హార్ గావ్ ఒక్కొక్కటి ముందు తెప్పించుకోండి. పొర మందంగా, పిండిగా ఉంటే మిగిలినవి అడగవద్దు. ఇడ్లీ బాగాలేని హోటల్లో మనం పొంగల్ అడుగుతామా?

నాలుగోది టీ. టీ ఆకు ఏది కావాలి అని అడిగితే అది మంచి చోటు. కుండలో నీళ్ళు అయిపోతే మూత తెరిచి పక్కన పెడితే చాలు, వచ్చి పోస్తారు. ఎవరైనా మనకు టీ పోస్తే రెండు వేళ్ళతో బల్ల మీద మెల్లగా తట్టడం వాళ్ళ మర్యాద.

కలకత్తాలో అయితే: ఆదివారం తెల్లవారుజామున తిరెట్టా బజార్, సెంట్రల్ మెట్రో దిగి నడవవచ్చు. తరువాత గణేశ్ చంద్ర ఎవెన్యూలో ఓ చ్యూ, 1920ల నుంచి ఒకే కుటుంబం నడిపే మేడ మీది చిన్న హోటలు, అక్కడ డిమ్ సమ్ కంటే ఇంటి వంట ముఖ్యం. చాతావాలా గల్లీలో తుంగ్ నామ్. సాయంత్రం టాంగ్రా. ఇంటికి తెచ్చుకోవాలంటే 1958 నుంచి ఉన్న పౌ చోంగ్ వాళ్ళ సాసులు. తిరెట్టాలో ఇప్పుడు అమ్మేవాళ్ళలో చీనా మొహాలు తక్కువ, బీహారీలు, నేపాలీలు మోమో, పూరీ పెడుతున్నారు. వాళ్ళ మీద కోపం వద్దు, వాళ్ళూ బతకాలి. చీనా అవ్వ ఒకరు తెచ్చిన గిన్నె కనబడితే ముందు అక్కడ కొనండి, అంతే.

హౌరా పోయే దారిలో ఖరగ్‌పూర్ ఉంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి మన తెలుగువాళ్ళు వేల మంది అక్కడ స్థిరపడినారు. వాళ్ళ వీధుల్లో తెలుగు ఇంకా వినబడుతుంది. కలకత్తా పోయే పిల్లలు ఒక పూట అక్కడా దిగండి. చీనావాళ్ళకు జరిగింది మనకు జరగలేదు, ఎవరూ మనల్ని రైలెక్కించలేదు. అయినా బలవంతం లేకుండానే కొన్ని పోతున్నాయి. మా అమ్మ అరిసెలు అనేది. నా మనవరాలు అదిరసం అంటుంది. వంట అదే, చేయి అదే, పేరు పోయింది. ఊరుబిండి అంటే మా ఇంట్లో ఇప్పుడు నాకూ నా చెల్లెలికీ మాత్రమే తెలుసు. నేను తమిళ బడిలో చదివినవాణ్ణి, తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరిన తరువాత నేర్చుకున్నాను. తమిళం అన్నం పెట్టింది, దాని మీద నాకు ఒక్క మాట కూడా ఫిర్యాదు లేదు. కానీ ఇంటి మాట ఇంట్లో ఉండాలి.

కలకత్తా చీనా సంఘాల కట్టడాలు గట్టిగా నిలబడి ఉన్నాయి. రంగు వేసినారు, తాళం ఉంది, దేవుడికి అగరవత్తి ఉంది. పొద్దున నాలుగు గంటలకు లేచి పిండి కలిపే ఇల్లు మాత్రం తగ్గింది. మన సంఘం కట్టడానికి ఈ ఏడు మేడ వేయాలని మాట్లాడుకుంటున్నాం. వేయండి, నా చందా నేను ఇస్తాను. దానితో పాటు ఒక చిన్న పని కూడా చేద్దాం. పొంగల్ కూటానికి వచ్చేటప్పుడు ప్రతి ఇంటి నుంచి ఒక వంట, దాని తెలుగు పేరు, చేసే విధం, ఎవరి దగ్గర నేర్చుకున్నారు అనేది ఒక కాగితం మీద రాసి తీసుకొని రండి. తెలుగు అక్షరాలు రానివాళ్ళు తమిళ అక్షరాల్లో రాయండి, కన్నడ అక్షరాల్లో రాయండి, నేను కూర్చొని తెలుగులోకి ఎక్కిస్తాను. అవ్వలు ఉన్న ఇళ్ళవాళ్ళు ముందు మొదలుపెట్టండి. రాసుకొనే నోటు పుస్తకం కొని పెట్టినాను, రెండు వందల పేజీలది.